ఆ ఏడు పరదా లాగిందెవరు

రేపల్లెలో నేను మొదట పనిచేసిన హైస్కూలు వాళ్లు స్వర్ణోత్సవ సంచిక వేసి, ఒక ప్రతి నాకు పోస్టులో పంపారు. అట్ట మీద బడి భవనం, లోపల పాత ఫొటోలు, పూర్వ విద్యార్థుల వ్యాసాలు. చదువుకుంటూ పోతున్నవాణ్ణి ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. ‘స్కూలు ఫైనల్లో ప్రథమంగా వచ్చిన విద్యార్థి పేరును గౌరవ ఫలకం మీద రాసి, ఆ విద్యార్థి తల్లిదండ్రుల చేతనే పరదా లాగించే మహత్తర సంప్రదాయం మన పాఠశాలలో ఒక్క ఏడాది కూడా తప్పలేదు.’

తప్పింది. ఒక ఏడాది తప్పింది. అరవయ్యో దశకం నడిమధ్య మాట అది. అప్పుడు నేను ఆ బళ్లో సైన్సు మేష్టర్ని, వార్షికోత్సవ కమిటీకి కార్యదర్శిని. పద్దెనిమిదో ఏటి నుంచి ప్రతి రోజూ డైరీ రాస్తున్నాను. జ్వరం వచ్చిన రోజు జ్వరం వచ్చిందని రాశాను. అందుచేత ఇక్కడ రాసేది ఊహించి రాసేది కాదు, ఎదురుగా ఆ డైరీ తెరిచి పెట్టుకుని రాస్తున్నాను.

ముందు ఆ ఆనవాయితీ సంగతి చెప్పాలి. హెడ్మాస్టరు గారి గది పక్కన పెద్ద హాలు ఉండేది. దాని గోడకు నిలువెత్తు టేకు బల్ల ఒకటి బిగించి, నల్లరంగు వేశారు. ఏటా స్కూలు ఫైనల్లో మా బడి మొత్తానికి మొదట వచ్చినవారి పేరు దాని మీద తెల్లరంగుతో రాసేవారు. రాసే పని డ్రాయింగు మేష్టారిది. వార్షికోత్సవం నాటికి కొత్త పేరు మీద ఒక మెరూన్ రంగు గుడ్డ వేలాడదీసి, దానికి పట్టుదారం కట్టేవారు. మొదటి ఏడు ఆ దారం లాగడానికి పిలిచిన అతిథి గుంటూరు నుంచి రావాలి. తెనాలిలో రేపల్లె బండి తప్పిపోయి ఆయన రాలేదు. జనం కూర్చుని ఉన్నారు. అప్పటి హెడ్మాస్టరు గారు, ఆయన నేను చేరిన మరుసటేడే పదవీ విరమణ చేశారు, అటూ ఇటూ చూసి, ఆ పేరు గల కుర్రవాడి తండ్రిని వేదిక మీదకి పిలిచారు. పోస్టాఫీసు గుమాస్తా ఆయన. చొక్కా సర్దుకుంటూ వచ్చి దారం లాగాడు. బల్ల మీద కొడుకు పేరు చూసి అక్కడే కళ్లు తుడుచుకున్నాడు. హాలంతా లేచి చప్పట్లు కొట్టింది. ‘ఇక ప్రతి ఏటా ఇంతే, ఈ దారం కన్నవాళ్లదే’ అన్నారు హెడ్మాస్టరు గారు మైకులోనే.

ఆ తరువాత ఆరేళ్లూ అలాగే జరిగింది. ఒక కరణం గారు, ఒక అర్చకులు, భట్టిప్రోలు రైతు ఒకాయన, ఒక కాంపౌండరు, ఇద్దరు ఉపాధ్యాయులు. గుమాస్తా గారితో కలిపి ఏడుగురు. అందరూ తండ్రులే.

ఎనిమిదో ఏడు మొదట వచ్చింది ఒక అమ్మాయి. ఆ బల్ల మీదకెక్కిన మొదటి ఆడపిల్ల పేరు అదే. పెనుమూడి వైపు కృష్ణ ఒడ్డున ఉన్న పల్లెకారుల ఇళ్ల నుంచి వచ్చేది. తండ్రి నిజాంపట్నం దగ్గర పడవల మీద పనికి పోయి నెలకో రెండు నెలలకో ఇంటికి వచ్చేవాడు. తల్లి నెత్తిన చేపల గంపతో పొద్దున్నే రేపల్లె వచ్చి వీధులు తిరిగేది. తల్లీ కూతురూ కలిసి నడిచి వచ్చేవాళ్లు. బడి గేటు దగ్గర కూతురు లోపలికి, తల్లి మిల్లు వీధికి. ఆరేళ్లలో ఆ తల్లి ఒక్కసారి కూడా గేటు దాటి లోపలికి రాలేదు. గేటు బయట నిలబడి, పిల్ల వరండా ఎక్కేదాకా చూసి, అప్పుడు కేక వేసుకుంటూ కదిలేది.

ఆ పిల్ల ఎవరి దగ్గరా ట్యూషను చెప్పించుకోలేదు. ఫలితాలు వచ్చాక బాపట్లలో పీయూసీలో చేరింది. వార్షికోత్సవం ఫిబ్రవరిలో పెట్టుకున్నాం. ఆనవాయితీ ప్రకారం తల్లిదండ్రులను ఇంటికి వెళ్లి పిలవాలి, అది కార్యదర్శి పని. ఇంటికి వెళ్లి పిలిచేటప్పుడు ఆడవాళ్లు ఉంటే మర్యాదగా ఉంటుందని నా భార్యను కూడా తీసుకుని వెళ్లాను. తండ్రి ఊళ్లో లేడు. ఆ అమ్మాయి శలవలకని బాపట్ల నుంచి వచ్చి ఉంది. నా భార్య ఆ తల్లికి బొట్టు పెట్టి, తాంబూలం ఇచ్చి, ‘మీ అమ్మాయి పేరు మీద పరదా మీరే లాగాలమ్మా’ అని చెప్పింది.

ఆవిడ తాంబూలం రెండు చేతులా పట్టుకుని అలాగే నిలబడింది. ‘మేమా తల్లీ? మా ఆయన లేడు కదండి’ అంది.

‘తల్లైనా ఒకటే, తండ్రైనా ఒకటే’ అన్నాను నేను.

‘దారం ఎంత గట్టిగా లాగాలండి మేష్టారూ?’

‘అమ్మా, అది వల కాదే. నువ్వు లాగావంటే బోర్డు ఊడొచ్చి అతిథిగా వచ్చే దొరగారి నెత్తి మీద పడిద్ది’ అంది కూతురు. తల్లి దాని వీపు మీద ఒక్కటి వేసింది. ముగ్గురు ఆడవాళ్లూ నవ్వారు. బయలుదేరేటప్పుడు ఆవిడ నా భార్యను పక్కకు పిలిచి, ఏ రంగు చీర కట్టుకోవాలని అడిగింది.

బొట్టు పెట్టి పిలిచిన పిలుపుకు మా వైపు ఒక విలువ ఉంది. పెళ్లికి శుభలేఖ పంపినా రానివాళ్లు బొట్టు పెట్టి పిలిస్తే వస్తారు. పిలిచినవాళ్లు ఆ మాట వెనక్కి తీసుకోవడమనేది ఉండదు. నాకు తెలిసినంత వరకు లేదు.

ఉత్సవానికి నాలుగు రోజుల ముందు హెడ్మాస్టరు గారి గదిలో కూర్చున్నాం. కమిటీ ప్రెసిడెంటు గారు, పాతాయన తరువాత వచ్చిన హెడ్మాస్టరు గారు, డ్రాయింగు మేష్టారు, నేను. ప్రెసిడెంటు గారికి ఊళ్లో బియ్యం మిల్లు ఉంది. బడికి రెండు గదులు కట్టించారు. ఆ మంచిపనిని నేను కాదనను.

‘ఈసారి పరదా దొరగారి చేత లాగిద్దాం’ అన్నారాయన. గుంటూరు నుంచి రాబోయే అధికారి గురించి ఆ మాట.

‘ఆనవాయితీ తల్లిదండ్రులదండి’ అన్నాను.

‘ఆనవాయితీ ఏంటండీ మేష్టారూ? ఆయనెవరో రైలు తప్పాడు, పోస్టాఫీసాయన లాగాడు. మన దొరగారు జీపులో వస్తాడు. జీపుకి తెనాల్లో బండి మారే పని లేదు గదా!’

డ్రాయింగు మేష్టారు నవ్వారు. ఇలాంటిదేదో జరుగుతుందని హెడ్మాస్టరు గారు ముందే సూచనగా చెప్పి ఉన్నారు. అందుకని నేను ఏడేళ్ల డైరీలు సంచిలో పెట్టుకుని తీసుకెళ్లాను. పేజీలకు కాగితం ముక్కలు గుర్తు పెట్టుకున్నాను. మొదటిది తీసి చదివాను. రెండోది చదివాను. మూడోది తెరుస్తుండగా ఆయన చెయ్యి ఎత్తారు.

‘డైరీలు ఇంట్లో రాసుకోండి మేష్టారూ, మంచి అలవాటే. బడి డైరీలతో నడవదు.’ తరువాత కొంచెం గొంతు తగ్గించి అసలు సంగతి చెప్పారు. ‘ఆ మనిషి మా ఇంటికి రోజూ చేపలు తెస్తదండీ. మా ఆవిడ వాకిట్లోనే బేరం చేసి, గంప ఎత్తగానే అక్కడ నీళ్లు కొట్టిస్తది. ఇప్పుడా మనిషిని తెచ్చి దొరగారి పక్కన నిలబెట్టాలా? వాసనకి ఆయన జేబురుమాలు తీశాడంటే మన బడి పరువేంగాను?’

‘బొట్టు పెట్టి పిలిచామండి’ అన్నాను.

‘ఎవరు పెట్టమన్నారు? పెట్టినవాళ్లే వెళ్లి ఈసారికి కాదని చెప్పండి. ఆడమనిషి లాగడం ఇంతవరకు లేదు కూడాను. అదీ ఆనవాయితీయే గదా మీ లెక్కన!’

హెడ్మాస్టరు గారు బల్ల మీది గాజు పేపర్‌వెయిట్‌ను తిప్పుతూ కూర్చున్నారు. అందులో ఒక రంగుల పువ్వు ఉండేది. ఆయన ఆ పువ్వునే చూశారు తప్ప మా ఎవరి ముఖమూ చూడలేదు.

ఇంటికి వచ్చి నా భార్యకు చెబితే, ‘దాని చేతి బొమ్మిడాయిలు తినొచ్చు గానీ దాని చేత్తో దారం లాగించకూడదా? ఏం మనుషులండీ!’ అంది. ఇన్నేళ్లు గడిచాక కూడా నేను దానికన్నా మంచి మాట వెతుక్కోలేకపోయాను.

ఇప్పుడు నా తప్పు చెప్పాలి. నేను వెళ్లి ఆ తల్లికి రావద్దని చెప్పలేదు. చెప్పకూడదనే పంతం కొంత. చివరి నిమిషంలో హెడ్మాస్టరు గారు ఎలాగో సర్దుతారన్న ఆశ కొంత. ఆ గడప ముందు నిలబడి ఆ మాట అనడానికి ముఖం చెల్లకపోవడం అసలు కారణం. నాలుగు రోజుల్లో రెండుసార్లు సైకిలు బయటకు తీసి మళ్లీ లోపల పెట్టాను. అది కూడా డైరీలో ఉంది.

ఉత్సవం రోజు సాయంత్రం నాలుగింటికే ఆవిడ కూతురితో వచ్చింది. ఆకుపచ్చ నేత చీర. ముఖానికి పసుపు, తలలో కనకాంబరాలు. గేటు దగ్గర ఒక్క క్షణం అలవాటు ప్రకారం ఆగింది. కూతురు చెయ్యి పట్టి లోపలికి లాగింది. నా భార్య ఎదురెళ్లి రెండో వరసలో తన పక్కన కూర్చోబెట్టుకుంది. తరువాత నా భార్య చెప్పింది, ఆవిడ కూర్చోగానే చెవిలో అన్న మాట: ‘రెండ్రోజుల నుంచి గంప ముట్టలేదండి. కుంకుడుకాయతో మూడుసార్లు తలంటుకున్నా. వాసన రావట్లేదు గదా?’

వాసన మాట ఆవిడకు ఎవరూ చెప్పలేదు. ఆవిడే తలుచుకుని, రెండు రోజులు పని మానుకుని వచ్చింది.

ప్రార్థన అయింది, నివేదిక అయింది, పిల్లల కోలాటం అయింది. హెడ్మాస్టరు గారు మైకు ముందుకు వచ్చి, ఇప్పుడు గౌరవ ఫలకావిష్కరణ అని ప్రకటించి, ఆ అమ్మాయి పేరు చదివారు. వేదిక పక్కనే బల్ల, దాని మీద మెరూన్ గుడ్డ. తల్లి లేచి నిలబడింది. కొంగు భుజం చుట్టూ కప్పుకుని రెండు అడుగులు వేసింది. అప్పుడే హెడ్మాస్టరు గారు అధికారి గారి పేరు చెప్పి, వారిని ఆవిష్కరించవలసిందిగా కోరారు. ప్రెసిడెంటు గారు వేదిక మీద నుంచి అరచెయ్యి కిందికి ఆడించారు. కూర్చో అని. కోడిపిల్లను అదిలించినట్టు.

ఆవిడ కూర్చోలేదు. ఎటు పోవాలో తెలియక వరసల మధ్య అలాగే నిలబడిపోయింది. అధికారి గారు దారం లాగారు. గుడ్డ జారింది. కూతురి పేరు తెల్లగా కనబడింది. హాలంతా చప్పట్లు. నేను వేదిక ఎడమ పక్క కుర్చీలో, కార్యక్రమాల కాగితం చేత్తో పట్టుకుని కూర్చున్నాను.

ఆ అధికారి చెడ్డవాడు కాదు. ఆ అమ్మాయికి బహుమతి పుస్తకం ఇస్తూ, ‘మీ అమ్మా నాన్నా వచ్చారా?’ అని అడిగారు. ప్రెసిడెంటు గారు అందుకుని, ‘దూరం నుంచి రాలేకపోయారండి’ అన్నారు.

మైకు వాళ్ల ముందే ఉంది. ఆ మాట హాలంతా వినబడింది. ఆ వెంటనే ఆ పిల్ల గొంతు కూడా వినబడింది. ‘మా అమ్మ అదుగోనండి. నుంచుని ఉంది చూడండి. పరదా లాగమని బొట్టు పెట్టి పిలిస్తే వచ్చింది.’

అధికారి గారు అటు చూసి చేతులు జోడించారు. ఆయన ముఖం ఎర్రబడింది. ప్రెసిడెంటు గారు నవ్వి, ‘తరువాతి అంశం’ అన్నారు. తరువాతి అంశం ఏకపాత్రాభినయం.

మర్నాడు పొద్దున్నే నేను హాలు తాళం తెరిపించి, ఆ గుడ్డ మళ్లీ బల్ల మీద వేలాడదీశాను. దారం కట్టాను. గేటు దగ్గర నిలబడ్డాను. ఆవిడ గంపతో వచ్చింది. ఆ రోజు ఒక్కతే వచ్చింది.

‘ఒక్కసారి లోపలికి రండమ్మా. పరదా కట్టి ఉంచాను. మీ చేత్తో లాగుదురు గాని.’

ఆవిడ గంప దించలేదు. ‘ఒకరు తిని లేచిన ఇస్తట్లో కూచోమంటారేంటి మేష్టారూ?’ అంది. గొంతులో కోపం లేదు. ‘రావద్దని ముందే చెబితే రాకపోదునండి. నాకేం, నా చేపలు నేనమ్ముకునేదాన్ని. మీకు తెలుసంట గదా, నాలుగ్రోజుల ముందే. మీరు చెప్పలా. అదొక్కటే నాకు.’

నేను గేటు పక్కకు జరిగాను.

‘మీ ఆవిడకి మట్టగిడసలు కావాలన్నారు. సాయంత్రం తెస్తానని చెప్పండి’ అని కదిలింది. నాలుగు అడుగులు వేసి ఆగి, ‘ఆ మిల్లు వారింటి ముందు మటుకు ఇంక గంప దించను’ అంది.

దించలేదు. ఆవిడే కాదు, ఆ ఒడ్డు నుంచి వచ్చే ఏ గంపా ఆ వాకిట్లో దిగలేదు. ఆ ఇంటి ముందుకు రాగానే కేక ఆపేసి, దాటాక మళ్లీ అందుకునేవాళ్లు. వేసవి అంతా ఇలాగే జరిగింది. ఆ గదిలో అన్న వాసన మాట అప్పటికే ఊళ్లోకి పొక్కింది. ఇంటికి అల్లుడు వచ్చిన రోజున ప్రెసిడెంటు గారి గుమాస్తా పోయి పిలిస్తే, ‘వాసనొస్తదంట గదయ్యా, ఎందుకులే’ అని నవ్వుకుంటూ వెళ్లిపోయారట. చివరికి ప్రెసిడెంటు గారు నన్నే పిలిపించారు.

‘మేష్టారూ, మీ చేపలావిడకి కొంచెం చెప్పండి. చిన్న విషయం పట్టుకుని ఏంటండీ ఇది, ఊళ్లో నవ్వులాట!’

‘మీరే పిలిచి చెప్పండి’ అన్నాను. ఆ ఉత్సవంలో నేను అనవలసిన మాటల్లో ఆ ఒక్కటే అనగలిగాను, అదీ మూడు నెలలు ఆలస్యంగా. ఆయన పిలవలేదు. ఆ ఇంట్లో ఆ వేసవి మామిడికాయ పప్పుతో గడిచింది.

ఆ ఏడే జిల్లా పరిషత్తు ఉద్యోగం వచ్చి నేను బాపట్ల వెళ్లాను. అక్కడ ఒకరోజు స్టేషను దగ్గర ఆ అమ్మాయి కనబడింది. బీయస్సీలో చేరిందట. తల్లి ఎలా ఉందని అడిగాను.

‘బాగుందండి. మీ గురించి అప్పుడప్పుడు అంటది.’

‘తిడుతుందా?’

‘తిట్టదండి. మంచాయనే పాపం, నోరే లేదు అంటది.’

ఆ పిల్ల నవ్వుతూనే చెప్పింది.

డెబ్బయ్యో దశకంలో నేను తెనాలి వచ్చి, అంగలకుదురు వైపు ఒక హైస్కూలుకు హెడ్మాస్టరునయ్యాను. అక్కడ కూడా ఒక నల్లబల్ల చేయించాను. పరదా లాగడం మాత్రం కార్యక్రమంలో మొట్టమొదట పెట్టేవాణ్ణి. అతిథి వేదిక ఎక్కకముందే, ఇంకా జనం కుర్చీలు వెతుక్కుంటూ ఉండగానే, కన్నవాళ్లను పిలిచి లాగించేవాణ్ణి. ‘అతిథి వచ్చాక చేస్తే నిండుగా ఉంటుంది కదండీ’ అని తోటి ఉపాధ్యాయులు విసుక్కునేవారు. అతిథికి లాగడానికి ఏమీ మిగలకూడదని నా ఉద్దేశం. వాళ్లకు చెప్పలేదు. ఒక ఏడు రిక్షా తొక్కే ఆయన, ఒక ఏడు ఇళ్లల్లో పనిచేసే తల్లి. దారం లాగిన చేతులు ఎవరివో ఏటా బడి నివేదికలో పేరుతో సహా రాశాను. అయినా రేపల్లె బల్ల మీది ఆ ఒక్క పేరుకు వీటిలో ఏదీ పరిహారం కాదు. అది ఆవిడ లాగవలసిన దారం.

ఇప్పుడీ సంచిక. ఆ వాక్యం చదివిన రోజే సంపాదకుడికి ఫోను చేశాను. కుర్రవాడు, మర్యాదస్తుడు. ఆ ఏడు సంగతి చెప్పి, ‘ఒక్క ఏడాది కూడా తప్పలేదని ఎలా రాశారు?’ అని అడిగాను.

‘పాత నివేదికలు చూసే రాశామండి. ఆ ఏడు ఉత్సవం అయ్యాక నివేదిక మీరు రాసిందే కదా సార్. మీ చేతిరాతే. ‘ఆనవాయితీ ప్రకారం గౌరవ ఫలకావిష్కరణ జరిగినది’ అని ఉంది.’

ఉంది. నేనే రాశాను. ఎవరు లాగారో రాయక్కర్లేదన్నారు హెడ్మాస్టరు గారు. ఆ వాక్యంలో ఎవరి పేరూ లేదు కాబట్టి అబద్ధం కాదని నాకు నేను చెప్పుకున్నాను. ఇంట్లో డైరీలో నిజం రాసుకుని, బడి పుస్తకంలో ఆ ముక్క పెట్టి సంతకం చేశాను. ప్రెసిడెంటు గారి మీద ఇన్నేళ్లు మండిపడుతూ వచ్చాను, ఇప్పటికీ మండుతున్నాను. ఆయన ఆవిడను ఒక్క సాయంత్రం కూర్చోమన్నాడు. నా సంతకం ఇన్నేళ్లూ కూర్చోబెట్టింది.

తప్పు సవరిస్తూ ఒక చీటీ అచ్చువేసి సంచికలో అంటించమని అడిగాను. ‘స్వర్ణోత్సవం పూట పాత గొడవ ఎందుకు సార్, అందరూ సంతోషంగా ఉన్నారు’ అన్నాడా కుర్రవాడు. అందరూ అంటే ఎవరని అడిగాను.

అందుకని ఆ చీటీ ఇక్కడ అచ్చవుతోంది. ఆ రోజు నా డైరీలో ఉన్నది ఉన్నట్టు దించుతున్నాను: ‘పరదా అతిథి లాగారు. ఆమె రెండో వరసలో లేచి నిలబడింది. నేను లేవలేదు.’